టైటిల్ కనబడని కారును అమ్మవలసి వచ్చినప్పుడు

అమెరికాకు వచ్చి మొదటి కారు కొనుక్కున్న మనవాళ్లలో చాలామందికి, ఆ కారుకు రెండు వేర్వేరు పత్రాలు ఉంటాయన్న సంగతి దాన్ని అమ్మే రోజు వచ్చేదాకా మనసుకు పట్టదు. ఇండియాలో ఆర్సీ ఒక్కటే చూసి పెరిగాం. బండి ఎవరి పేరున ఉందో, ఏ బ్యాంకు అప్పు ఉందో, ఎన్నాళ్ల వరకు చెల్లుతుందో అన్నీ దానిలోనే ఉంటాయి. ఇక్కడ రిజిస్ట్రేషన్ అంటే కారును రోడ్డు మీద తిప్పడానికి గడువు గడువుకీ రుసుము కట్టి తెచ్చుకునే అనుమతి మాత్రమే. ఆ కారు ఎవరి సొత్తు, దాని మీద ఎవరికి బాకీ ఉంది అన్నది చెప్పే పత్రం టైటిల్. దాన్ని రాష్ట్ర ప్రభుత్వం విడిగా జారీ చేస్తుంది. రిజిస్ట్రేషన్ కాగితం ఏటా చేతికి వస్తూ పోతూ ఉంటుంది కనుక దాని గురించి అందరికీ తెలుసు. టైటిల్ మాత్రం ఒకసారి వస్తుంది, ఏ ఫైల్లోనో చేరుతుంది, లేదా అసలు చేతికే రాదు, అయినా కారు నడపడానికి ఏ అడ్డూ ఉండదు. కొనేవాళ్లు ఇంటికి వచ్చి, కారు చుట్టూ తిరిగి చూసి, ధర కుదిరాక "టైటిల్ మీ చేతిలో ఉందా?" అని అడిగినప్పుడే దాని కోసం వెతుకులాట మొదలవుతుంది.

ఇంతమంది ఇళ్లలో ఇది కనబడకపోవడానికి కారణం నిర్లక్ష్యం ఒక్కటే అనుకోవడం న్యాయం కాదు. ఉద్యోగం కోసం ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి, ఒక అపార్ట్‌మెంట్ నుంచి ఇంకో అపార్ట్‌మెంట్‌కు మారుతూ ఉండే కుటుంబాల్లో, కారు అప్పు తీరే నాటికి కొన్ననాటి చిరునామా ఎప్పుడో పాతబడిపోతుంది. ఇల్లు మారిన సంగతి ఆఫీసుకు, బ్యాంకుకు, పిల్లల బడికి చెప్పినవాళ్లు కూడా డీఎంవీ (రాష్ట్ర రవాణా శాఖ) రికార్డులో ఆ కారుకు ఉన్న చిరునామాను మార్చడం మరిచిపోతారు. టైటిల్ మాత్రం రికార్డులో ఉన్న చిరునామాకే పోస్టులో వెళుతుంది. మీరు ఖాళీ చేసిన ఇంట్లో కొత్తగా దిగినవాళ్లు ఆ కవరును ఏం చేసి ఉంటారో ఎవరు చెప్పగలరు?

కాబట్టి డ్యూప్లికేట్ కోసం దరఖాస్తు రాయడానికి ముందు, ఆ టైటిల్ నిజంగా పోయిందా, లేక మన చేతికి ఎప్పుడూ రానే లేదా అన్నది తేల్చుకోవాలి. ఈ రెండింటికీ దారులు వేరు. అప్పు మీద కొన్న కారైతే, ఎక్కువ రాష్ట్రాల్లో అప్పు తీరేవరకు టైటిల్ అప్పిచ్చిన బ్యాంకు దగ్గరే ఉంటుంది. న్యూయార్క్, మిషిగన్, మిన్నెసోటా వంటి కొన్ని రాష్ట్రాల్లో అప్పు ఉన్నా టైటిల్‌ను యజమానికే ఇస్తారు, బ్యాంకు పేరును దాని మీద లీన్‌గా, అంటే బాకీ తీరేవరకు కారు మీద అప్పిచ్చినవారికి ఉండే హక్కుగా, రాస్తారు. వీటికి తోడు ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో ఎలక్ట్రానిక్ టైటిల్ వచ్చేసింది. బ్యాంకు దగ్గర కూడా కాగితం ఉండదు. రాష్ట్రం కంప్యూటర్లో ఒక నమోదు మాత్రమే ఉంటుంది, అప్పు తీరాక అడిగితే కాగితంగా అచ్చువేసి పంపుతారు. ఫ్లోరిడాలోనైతే అప్పు లేని కారుకు కూడా టైటిల్‌ను ఎలక్ట్రానిక్ రూపంలోనే ఉంచుకోవచ్చు. అలాంటప్పుడు అమ్మేవారు, కొనేవారు కలిసి గుర్తింపు కార్డులతో ట్యాక్స్ కలెక్టర్ కార్యాలయానికి వెళ్లి అక్కడే బదిలీ చేసుకునే వీలుంది. అసలు అచ్చే కాని కాగితం కోసం ఇంట్లో పెట్టెలన్నీ దించి వెతికినవాళ్లు నాకు తెలుసు. రాష్ట్ర రవాణా శాఖకు ఒక ఫోను చేసి, విన్ నంబరు (ప్రతి కారుకూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) చెప్పి, "ఈ కారు టైటిల్ కాగితంగా జారీ అయిందా, ఎవరికి పంపారు, దాని మీద లీన్ ఏదైనా ఉందా?" అని అడిగితే ఆ శ్రమ చాలావరకు తప్పుతుంది.

వీటిలో అందరూ తేలికగా తీసుకునేదీ, నిజంగా మెడకు చుట్టుకునేదీ లీన్. మేం డాలస్ దగ్గర ఉంటాం. మా వీధిలో ఒక తెలుగు కుటుంబం ఇండియాకు తిరిగి వెళ్లిపోవాలని నిర్ణయించుకుని కారు అమ్మకానికి పెట్టింది. అప్పు తీరిపోయి చాలా కాలమైంది, ఆఖరి వాయిదా కట్టిన రుజువు కూడా ఈమెయిల్లో ఉంది, టైటిల్ మాత్రం లేదు. రికార్డు తీయిస్తే ఆ కారు మీద బ్యాంకు లీన్ అలాగే నిలిచి ఉంది. పైగా అప్పిచ్చిన ఆ బ్యాంకు ఈలోగా వేరొక బ్యాంకులో కలిసిపోయింది. "అక్కా, అప్పు తీర్చేశాం కదా, ఇంకా వాళ్ల పేరు ఎందుకుంది?" అని ఆ ఇంటి అబ్బాయి అడిగిన ప్రశ్న సహజమైనదే. కానీ బ్యాంకు పుస్తకాల్లో బాకీ సున్నా కావడం వేరు, రాష్ట్రం రికార్డులో లీన్ తొలగడం వేరు. మొదటిది వాయిదాలు కట్టడంతోనే జరుగుతుంది. రెండోది జరగాలంటే బ్యాంకు విడుదల పత్రం రాసి ఇవ్వాలి, లేదా ఎలక్ట్రానిక్ పద్ధతిలో రాష్ట్రానికి ఆ సంగతి తెలియజేయాలి. అప్పు తీరాక ఎన్నాళ్లలో ఈ పని చేయాలో రాష్ట్రాల చట్టాలు గడువులు పెట్టాయి కానీ, ఆ గడువు దాటిందని అడిగేవాళ్లు లేకపోతే ఫైలు ఉన్నచోటే ఉండిపోతుంది.

బ్యాంకుకు ఫోను చేసినప్పుడు ఖాతా నంబరుతో మొదలుపెట్టడం వల్లనే సగం కాలం వృథా అవుతుంది. మూసేసిన ఖాతా ఫోను ఎత్తినవారి తెర మీద కనబడకపోవచ్చు, ఆ బ్యాంకు మరొకదానిలో కలిసిపోయి ఉంటే ఇంకా కనబడదు; వాళ్లు మర్యాదగానే "మీ పేరున ఖాతా ఏదీ లేదండీ" అని పెట్టేస్తారు. మా వీధి కుటుంబానికి సరిగ్గా అదే జరిగింది. టైటిళ్లు, లీన్ విడుదలలు చూసే విభాగానికి కలపమని అడిగి, ఖాతా నంబరు బదులు విన్ నంబరు, అప్పు తీసుకున్న ఏడు, పాత బ్యాంకు పేరు చెప్పాక పని కదిలింది. టెక్సస్‌లో దీనికి వీటీఆర్-266 అనే విడుదల ఫారం ఉంది. బ్యాంకు తన లెటర్‌హెడ్ మీద రాసి ఇచ్చినా సరిపోతుంది, కానీ చేతికి కావలసింది అసలు ప్రతి. ఫోనులోకి వచ్చిన ఫొటోతో పని జరగదు.

ఆ లేఖ వచ్చాక ఒక్క నిమిషం ఆగి చూడవలసినది విన్ నంబరు. పదిహేడు అక్షరాలూ అంకెలూ కలిసిన ఆ నంబరు డ్రైవర్ వైపు ముందు అద్దం కింద, డ్యాష్‌బోర్డు అంచున చిన్న రేకు మీద ఉంటుంది. డ్రైవర్ తలుపు తీస్తే పక్క స్తంభం మీద అంటించిన స్టిక్కర్లో కూడా అదే ఉంటుంది. ఎండపడి అద్దం మెరుస్తున్నప్పుడు ఎనిమిదికీ బీకీ, అయిదుకూ ఎస్‌కూ, రెండుకూ జడ్‌కూ తేడా కనిపించదు. అందుకని నీడలో నిలబడి, తలుపు స్టిక్కరును, అద్దం కింద రేకును, బ్యాంకు లేఖను పక్కపక్కన పెట్టి ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి చదవడం మంచిది. ఐ, ఓ, క్యూ అనే మూడు అక్షరాలను విన్‌లో వాడరు కనుక, గుండ్రంగా కనిపించేది సున్నాయే, నిలువు గీతలా కనిపించేది ఒకటి అనే అంకెయే. మా వీధి వాళ్లకు వచ్చిన మొదటి లేఖలో ఎనిమిది ఉండవలసిన చోట బీ పడింది. ఆ తప్పుతోనే కౌంటర్ దగ్గరికి వెళ్లి ఉంటే, లేఖ వేరే కారుదని తిప్పి పంపేవారు. మళ్లీ బ్యాంకు చుట్టూ తిరగవలసి వచ్చినందుకు ఆ అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. ప్రయాణం టికెట్లు కొని పెట్టుకున్న ఇంట్లో ఒక అక్షరం తప్పు ఎంత బరువుగా ఉంటుందో నేను కళ్లారా చూశాను. పెద్ద బ్యాంకులకు ఇది ఒక లేఖ కావచ్చు, వాళ్లకు మాత్రం అది చేతిలో ఉన్న కాస్త వ్యవధిలో ఒక భాగం.

అప్పిచ్చిన బ్యాంకు వేరే బ్యాంకులో కలిసిపోకుండా పూర్తిగా దివాళా తీసి మూతపడి ఉంటే ఎలాగని అడిగేవాళ్లున్నారు. దానికీ దారి ఉంది. డిపాజిట్లకు బీమా ఇచ్చే ఫెడరల్ సంస్థ ఎఫ్‌డీఐసీయే, మూతపడిన బ్యాంకుల తరఫున లీన్ విడుదల పత్రాలు ఇచ్చే పని కూడా చూస్తుంది. ఏ బ్యాంకు ఎప్పుడు ఎవరిలో కలిసిందో వెతికి చూసుకునే సౌకర్యం కూడా వాళ్ల దగ్గరే ఉంది. అప్పు తీరినట్టు రుజువు, రికార్డులో లీన్ ఉన్నట్టు చూపే పత్రం జత చేసి రాయాలి.

లీన్ సంగతి తేలిపోయాక డ్యూప్లికేట్ తీసుకోవడం నిజానికి చిన్న పని, ఖర్చు కూడా తక్కువే. ప్రతి రాష్ట్రానికీ సొంత ఫారం, సొంత రుసుము. టెక్సస్‌లో వీటీఆర్-34 అనే దరఖాస్తుతో సర్టిఫైడ్ కాపీ అడగాలి. పోస్టులో పంపితే 2 డాలర్లు, స్వయంగా వెళితే 5 డాలర్ల 45 సెంట్లు. ఇక్కడ చాలామంది పొరబడేది ఎక్కడికి వెళ్లాలన్న విషయంలో: రిజిస్ట్రేషన్ పనులన్నీ జరిగే కౌంటీ ట్యాక్స్ ఆఫీసులో ఈ కాపీ ఇవ్వరు, రాష్ట్ర రవాణా శాఖ ప్రాంతీయ కేంద్రానికి ముందుగా సమయం తీసుకుని వెళ్లాలి. డాలస్ ప్రాంతానికి ఆ కేంద్రం క్యారల్‌టన్‌లో ఉంది. ఫొటో ఉన్న గుర్తింపు కార్డు, లీన్ విడుదల అసలు ప్రతి తీసుకెళితే, పోస్టు కోసం చూడకుండా పని ముగించుకోవచ్చు. న్యూయార్క్‌లో ఫారం పేరు ఎంవీ-902, రుసుము 20 డాలర్లు, కాగితం పోస్టులోనే వస్తుంది. న్యూజెర్సీలో రుసుము 60 డాలర్లు. పోస్టులో వచ్చే రాష్ట్రాల్లో దరఖాస్తు కంటే ముందు చిరునామా మార్పు నమోదు చేయించకపోతే, రెండో కాగితం కూడా మొదటిది వెళ్లిన పాత ఇంటికే చేరే ప్రమాదం ఉంది.

కాలిఫోర్నియా పద్ధతి నాకు అన్నిటికంటే సబబుగా అనిపిస్తుంది. అక్కడ రెగ్ 227 అనే ఒకే ఫారం డ్యూప్లికేట్ కోసమూ పనికివస్తుంది, టైటిల్ లేకుండానే కారును నేరుగా కొనేవారి పేరుకు మార్చడానికీ పనికివస్తుంది. అమ్మేవారు ఒక భాగంలో టైటిల్ పోయిందని ప్రకటించి సంతకం చేస్తారు, అదే ఫారంలో తమ హక్కు వదులుకున్నట్టు రాస్తారు, కొనేవారు దాన్ని తీసుకుని డీఎంవీకి వెళతారు. రికార్డులో లీన్ ఉంటే మాత్రం దాన్ని వదులుకుంటున్నట్టు బ్యాంకు చేసే సంతకానికి నోటరీ కావాలి. అందుకే అక్కడ కూడా ముందు తెంచుకోవలసిన ముడి లీనే.

టైటిల్ మీద ఇద్దరి పేర్లుంటే వాటి మధ్య 'అండ్' ఉందా, 'ఆర్' ఉందా అన్నది తప్పక చూడాలి. 'అండ్' ఉంటే ఇద్దరూ సంతకం చేయాలి, 'ఆర్' ఉంటే కాలిఫోర్నియా వంటి రాష్ట్రాల్లో ఒకరి సంతకం చాలు. భార్య పిల్లలతో ముందుగా ఇండియాకు వెళ్లిపోయి, భర్త కారు అమ్మి తర్వాత బయలుదేరే ఇళ్లలో ఈ చిన్న మాట మీదనే పని ఆగిపోతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందూ, లైసెన్సులో వెనుకా ఉండే మన పేర్ల విషయంలో కూడా, టైటిల్ మీద ఏ వరుసలో ఉందో అదే వరుసలో సంతకం చేయడం క్షేమం.

ఇక కొనేవారి సంగతి. డ్యూప్లికేట్ చేతికి రాకముందు కారును ప్రకటనలో పెట్టకపోవడమే మేలని నేను గట్టిగా నమ్ముతాను. టైటిల్ లేదని తెలిసిన మరుక్షణం నిజాయితీగల కొనుగోలుదారు వెనక్కి తగ్గుతాడు, అది అతని తప్పు కాదు. మిగిలేది "ఫరవాలేదు, టైటిల్ లేకపోయినా తీసుకుంటాను, ధర కాస్త తగ్గించండి, బిల్ ఆఫ్ సేల్ రాసివ్వండి చాలు" అనే మనిషి. ప్రయాణం దగ్గర పడిన ఇంటికి ఆ మాట ఎంతో ఊరటగా వినిపిస్తుంది, కానీ నేను చెప్పేది ఒక్కటే: ఆ బేరం ఒప్పుకోకండి. బిల్ ఆఫ్ సేల్ అన్నది డబ్బు చేతులు మారిందనడానికి రుజువే తప్ప రాష్ట్రం రికార్డులో యజమాని పేరును మార్చే పత్రం కాదు. కారు ఎవరి చేతిలో ఉన్నా, పేరు మీదే ఉన్నంతకాలం టోల్ బిల్లులు, పార్కింగ్ జరిమానాలు, ఎక్కడో వదిలేసిన కారును లాగి ఉంచినవారి యార్డు రుసుములు మొదట మీ పేరు మీదికే వస్తాయి. కారు ప్రమాదంలో పడినా, నేరంలో వాడినా పోలీసులు మొదట వెతికేదీ ఆ పేరునే. అప్పటికి మీరు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉంటే, అక్కడ నుంచి మీ వాదన వినిపించడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

దీనికి తోడు ఇంకొక అలవాటు ఉంది. టైటిల్ వెనుక అమ్మినవారి సంతకం మాత్రం పెట్టించుకుని, కొన్నవారి పేరు రాసే గడిని ఖాళీగా వదిలించుకుంటారు. ఆ కాగితంతో మధ్యవర్తి తన పేరు ఎక్కడా పడకుండా కారును మూడో మనిషికి అమ్ముతాడు. పన్నూ కట్టడు, బాధ్యతా తీసుకోడు. దీన్ని ఇక్కడ టైటిల్ జంపింగ్ అంటారు, ఇది చట్టవిరుద్ధం. ఆ గడి ఖాళీగా ఉన్న కాగితం మీద సంతకం పెట్టమని ఎవరు అడిగినా, ఎంత పరిచయస్థులైనా, ఒప్పుకోకూడదు. కొనే పక్షాన ఉన్నప్పుడు కూడా ఇదే వర్తిస్తుంది. మన వాట్సాప్ గ్రూపుల్లో "అన్నా, టైటిల్ తర్వాత పంపిస్తాడట, తీసుకోవచ్చా?" అన్న ప్రశ్న కనిపించినప్పుడల్లా నేను వద్దనే రాస్తాను.

టైటిల్ లేకుండా కారు కొని ఇప్పుడు అమ్మలేక చిక్కుకున్నవాళ్లకు, పాత యజమానిని వెతికి పట్టుకుని అతని చేత డ్యూప్లికేట్ తీయించడం మొదటి మార్గం. రికార్డులో పేరు లేనివారికి డ్యూప్లికేట్ ఇవ్వరు కనుక ముందు అతన్నే అడగాలి. అతను దొరకకపోతే టెక్సస్ వంటి రాష్ట్రాల్లో బాండెడ్ టైటిల్ అనే ఏర్పాటు ఉంది: కారు విలువకు ఒకటిన్నర రెట్లకు ష్యూరిటీ బాండ్ కొని సమర్పిస్తే, మూడేళ్లపాటు ఆ బాండ్ షరతుతో టైటిల్ ఇస్తారు. ఈలోగా అసలు హక్కుదారు ఎవరైనా వస్తే వారి నష్టానికి ఆ బాండ్ పూచీగా ఉంటుంది. బాండ్ కొనడానికి కట్టేది ఆ మొత్తంలో చిన్న భాగమే. అంత దూరం వెళ్లే ముందు ఎన్‌ఎంవీటీఐఎస్ నివేదిక ఒకటి తీసి చూడాలి. 1992 నాటి ఫెడరల్ చట్టం వల్ల ఏర్పడిన ఈ జాతీయ వ్యవస్థలో దాదాపు అన్ని రాష్ట్రాల టైటిల్ సమాచారం కలుస్తుంది. వరదలో మునిగినదా, ప్రమాదంలో పనికిరాదని బీమా కంపెనీ తేల్చినదా అన్నది దానిలో బయటపడుతుంది.

దేశం వదిలి వెళ్లేవాళ్ల విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లలో టైటిల్ వెతుకులాట ఎక్కువగా ఆ సమయంలోనే జరుగుతుంది. హెచ్1బీ మీద ఉన్నవారి ఉద్యోగం పోతే దొరికే వ్యవధి గరిష్ఠంగా 60 రోజులు, ఐ-94 (దేశంలో ఎప్పటివరకు ఉండవచ్చో చెప్పే ప్రవేశ పత్రం) గడువు అంతకంటే ముందే ముగిస్తే అప్పటివరకే. అద్దె ఇల్లు, పిల్లల చదువు, సామాను, బ్యాంకు ఖాతాలు అన్నీ తేల్చుకోవలసిన ఆ రోజుల్లో పోస్టులో రావలసిన కాగితం కోసం ఎదురుచూడటం సాధ్యం కాకపోవచ్చు. అప్పుడు ఇక్కడే ఉండే నమ్మకమైన మనిషికి, ఆ కారు పేరూ విన్ నంబరూ రాసి, ఆ కారు వరకే పరిమితమైన పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి వెళ్లాలి. దాన్ని మీ రాష్ట్రం సూచించిన ఫారం మీదే రాయాలి, విమానం ఎక్కకముందే సంతకం చేయాలి. ఇండియా చేరాక నోటరీ కావాలంటే హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్‌లో సమయం తీసుకుని, ఒక్కొక్క ముద్రకు 50 డాలర్లు కట్టాలి. ఇక్కడైతే అదే పని మీ బ్యాంకు శాఖలో జరిగిపోతుంది.

పవర్ ఆఫ్ అటార్నీ ఉన్నంత మాత్రాన అన్నీ జరిగిపోవని కూడా గుర్తుంచుకోవాలి. కారు ఎన్ని మైళ్లు తిరిగిందో అమ్మేవారు ప్రకటించి సంతకం చేయాలని ఫెడరల్ నియమం ఉంది. 2011 మోడల్ నుంచి వచ్చిన కార్లకు ఈ ప్రకటన ఇరవై ఏళ్లపాటు తప్పనిసరి. అమ్మేవారి తరఫునా కొనేవారి తరఫునా ఒకే మనిషి ఈ ప్రకటన మీద సంతకం చేయడాన్ని ఆ నియమం మామూలుగా అనుమతించదు. మీ తరఫున అధికారం పుచ్చుకున్న స్నేహితుడే కారును కొనుక్కుందామనుకుంటే ఇక్కడే చిక్కు వస్తుంది. అయితే టైటిల్ పోయినప్పుడు, లేదా లీన్ ఉన్న బ్యాంకు చేతిలో ఉన్నప్పుడు మాత్రం ఒక మినహాయింపు ఉంది: నకలు చేయడానికి వీల్లేకుండా రాష్ట్రం ముద్రించిన ప్రత్యేక ఫారం మీద, మైళ్ల వివరం రాసే అధికారాన్ని కొనేవారికే ఇవ్వవచ్చు. డీలర్లు టైటిల్ లేని కారును తీసుకున్నప్పుడు మీ చేత సంతకం చేయించుకునేది సాధారణంగా ఈ ఫారమే. ధర కొంత తగ్గినా, వ్యవధి బొత్తిగా లేనివారికి పేరున్న డీలరుకు అమ్మడమే నయమని నేను చెప్పడానికి ఇదొక కారణం.

మా వీధి కుటుంబానికి అంత దూరం రాలేదు. సరిచేసిన లేఖ వచ్చింది, సర్టిఫైడ్ కాపీ చేతికి అందింది, ఆ తర్వాతే కారును ప్రకటనలో పెట్టారు. కొన్నవారిని నేరుగా కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకే రమ్మని, కౌంటర్ ముందే కాగితాలు మార్చుకున్నారు. ఎవరు అమ్మినా ఇలా చేయమనే నా సలహా, ముఖ్యంగా డ్యూప్లికేట్ మీద అమ్ముతున్నప్పుడు, ఎందుకంటే కొనేవారి మనసులో ఉండే చివరి సందేహాన్ని అక్కడి గుమాస్తాయే తీరుస్తారు. టైటిల్ వెనుక భాగాన్ని నిదానంగా నింపాలి: కొనేవారి పూర్తి పేరు, చిరునామా, అమ్మిన తేదీ, ఆ క్షణాన ఓడోమీటరు చూపుతున్న మైళ్లు దశాంశం లేకుండా, ఆపైన సంతకం. టెక్సస్‌లో దీనితోపాటు 130-యూ అనే దరఖాస్తు మీద ఇద్దరూ సంతకం చేయాలి. ఒహాయో, నార్త్ కరోలినా వంటి రాష్ట్రాల్లో అమ్మేవారి సంతకం నోటరీ ముందే జరగాలి కనుక ఇంట్లో ముందుగా సంతకం చేసి తీసుకెళ్లకూడదు. ఎక్కడైనా ఒక అంకె తప్పు రాస్తే కొట్టివేయడం, తెల్లరంగు పూయడం చేయకండి; దిద్దిన టైటిల్‌ను కౌంటర్‌లో తిరస్కరిస్తే మళ్లీ ఇంకో డ్యూప్లికేట్ కోసం తిరగాలి.

డ్యూప్లికేట్ జారీ అయ్యాక పాత టైటిల్ ఏ పుస్తకంలోనో దొరికితే దానితో ఏ లావాదేవీ చేయకూడదు. అసలు ప్రతి కింద వేరేవారికి హక్కులు ఉంటే ఈ డ్యూప్లికేట్ వాటికి లోబడి ఉంటుందన్న మాట చాలా రాష్ట్రాల డ్యూప్లికేట్ల మీద అచ్చువేసే ఉంటుంది. అందుకే పాతదాన్ని రాష్ట్ర కార్యాలయానికి అప్పగించడం మంచిది.

డబ్బు చేతికి వచ్చి తాళాలు ఇచ్చేశాక కూడా అమ్మేవారికి ఒక పని మిగిలి ఉంటుంది: కారు అమ్మేశానని రాష్ట్రానికి తెలియజేయడం. కాలిఫోర్నియాలో దీనికి గడువు 5 రోజులు, టెక్సస్‌లో 30 రోజులు, రెండుచోట్లా ఆన్‌లైన్‌లో చేసేయవచ్చు. నంబరు ప్లేటు కారుతో వెళ్లాలా, మీరు విప్పుకోవాలా అన్నది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. కాలిఫోర్నియాలో మామూలు ప్లేట్లు కారుతోనే వెళతాయి, న్యూయార్క్‌లో అమ్మేవారే విప్పి అప్పగించాలి. బీమాను రద్దు చేసే ముందు ఈ రెండూ పూర్తయ్యాయో లేదో చూసుకోవాలి, ఎందుకంటే న్యూయార్క్ వంటి చోట్ల ప్లేట్లు అప్పగించకముందే బీమా ఆగిపోతే రిజిస్ట్రేషన్‌ను సస్పెండ్ చేయవచ్చు, బీమా లేని కాలం ఎక్కువైతే లైసెన్సును కూడా. అద్దానికి అంటించిన టోల్ ట్యాగును తీసేసి, ఆ ఖాతాలోంచి కారు నంబరును కూడా తొలగించాలి.